నాటిన కణితిని తిప్పికొట్టింది యాంటీబాడీయా, కణమా? తేల్చుకునే దారి

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో బయోటెక్, జువాలజీ, ఫార్మసీ చదివే పిల్లల ప్రాజెక్టు రిపోర్టుల్లో ఒక వాదన తరచుగా కనిపిస్తుంది. సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, యాంటీబాడీ పెరిగింది, ఎలుకలో నాటిన కణితి తగ్గింది, కాబట్టి యాంటీబాడీయే కణితిని చంపిందని రాసేస్తారు. పక్క రిపోర్టులో టి కణాలు (శత్రు కణాన్ని గుర్తుపట్టి దాడి చేసే తెల్ల రక్తకణాలు) పెరిగాయి కాబట్టి టి కణాలే చంపాయని ఉంటుంది. రెండు రిపోర్టుల్లోనూ కొలతలు సరిగ్గానే ఉండొచ్చు. ఆ కొలతల నుంచి ఆ మాట అనే హక్కు మాత్రం రెండింటికీ లేదు. ఆ హక్కు ఎలా వస్తుందో వరుసగా చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రయోగం చేయబోయేవాళ్లకూ, వేరేవాళ్ల పేపరు చదివి అర్థం చేసుకోవాలనుకునేవాళ్లకూ ఇదే వరుస పనికొస్తుంది.

యాంటీబాడీ కణితి మీద ఒక గుర్తు పెడుతుంది, అంతే. దర్శనం టోకెన్ చేతిలో ఉన్నంత మాత్రాన లోపలికి వెళ్లలేం, గేటు దగ్గర దాన్ని స్కాన్ చేసే మనిషి ఉండాలి. యాంటీబాడీ గుర్తును కూడా ఎవరో ఒకరు చదవాలి. కాంప్లిమెంట్ (రక్తంలో ఉండి కణాన్ని పగలగొట్టే ప్రోటీన్ల గుంపు) చదివితే ఒక ఫలితం, మాక్రోఫేజ్ (శత్రువును మింగే కణం) చదివితే ఇంకో ఫలితం, డెండ్రిటిక్ కణం (మింగినదాన్ని టి కణాలకు చూపించే కణం) చదివితే మరొకటి. ఎవరూ చదవకపోతే ఆ గుర్తే కణితికి ముసుగు అవుతుంది. కాబట్టి యాంటీబాడీయా, కణమా అని అడగడం కంటే ఈ గుర్తును ఏ కణం, ఎప్పుడు చదివింది అని అడగాలి.

ఇది కొత్త చిక్కేమీ కాదు. 1950లలోనే ఈ రంగం ఇక్కడ ఇరుక్కుంది. వేరే స్ట్రెయిన్ (ఒకే జాతిలోని వేరు వంశం) ఎలుకలో నాటిన కణితిపై వచ్చే నిరోధాన్ని లింఫ్ నోడ్ కణాల ద్వారా ఇంకో ఎలుకకు ఇవ్వొచ్చని, సీరంతో అది కుదరలేదని ఏవ్రియన్ మిచిసన్ చూపించాడు. నేథన్ కాలిస్ ఇంకా విచిత్రమైనది చూపించాడు. సార్కోమాను మామూలుగా తిరస్కరించే ఎలుకలకు ముందుగా ఆ కణితిపై తయారైన సీరం ఇస్తే, కణితి తగ్గకపోగా చక్కగా పెరిగింది. దీన్నే ఎన్‌హాన్స్‌మెంట్ అన్నారు. అదే కాలంలో, 1956లో, పీటర్ గోరర్, ఏమస్ కలిసి ఇ.ఎల్.4 అనే ల్యుకేమియాపై అలాంటి సీరమే రక్షణ ఇస్తుందని రాశారు. ఒకరి సీరం ఏమీ చేయలేదు, ఒకరిది కణితిని పెంచింది, ఇంకొకరిది ఆపింది. మూడు ఫలితాలూ నిజమే. ఇది ఎలా సాధ్యమో అర్థమైతే ఈ సబ్జెక్టు సగం వచ్చినట్టే.

1. ఎలుకకూ కణితికీ ఉన్న బంధుత్వం రాసుకోండి

నోట్‌బుక్ మొదటి పేజీలో రెండు పేర్లు రాయండి: కణితి ఏ స్ట్రెయిన్‌లో పుట్టింది, ఇప్పుడు ఏ స్ట్రెయిన్‌లో పెడుతున్నారు. రెండూ ఒకటే అయితే సింజెనిక్. ఒకే జాతిలో వేరు స్ట్రెయిన్ అయితే అల్లోజెనిక్. మనిషి కణితిని ఎలుకలో పెడితే జెనోజెనిక్. ఇన్‌బ్రెడ్ (ఎలుకలన్నీ జన్యుపరంగా ఒకటే) అనాలంటే వరుసగా కనీసం 20 తరాలు అన్నాచెల్లెళ్ల మధ్య సంతతి నడిచి ఉండాలి. బి16 మెలనోమా సి57బిఎల్/6 ఎలుకది, దాని హెచ్-2 (కణం సొంతమా, పరాయా అని తెలిపే ఉపరితల అణువులు) రకం "బి". సీటీ26 పెద్దపేగు కణితి, 4టీ1 రొమ్ము కణితి బాల్బ్/సి ఎలుకవి, హెచ్-2 రకం "డి". బి16ను బాల్బ్/సిలో పెడితే అది తిరస్కరణకు గురికావడానికి మీ మందు అవసరం లేదు. హెచ్-2 తేడా ఒక్కటే చాలు.

ఇక్కడ మన ప్రాంతానికి బాగా అవసరమైన మాట ఒకటి ఉంది. మన ఫార్మసీ కాలేజీల్లో ఎక్కువగా వాడేది స్విస్ ఆల్బినో ఎలుకలు, వాటి పొట్టలో పెంచే ఎర్లిచ్ అసైటిస్ కణితి. స్విస్ ఆల్బినో సాధారణంగా అవుట్‌బ్రెడ్, అంటే పక్కపక్క బోనుల్లోని రెండు ఎలుకలు జన్యుపరంగా ఒకటి కావు. ఎర్లిచ్ కణితి దశాబ్దాల పాటు ఎలుక నుంచి ఎలుకకు మారుతూ వచ్చి, స్ట్రెయిన్ గోడలు దాటి పెరిగే గుణం తెచ్చుకుంది. ఒక మందు కణాలను చంపుతుందా లేదా అని మొదటి చూపు చూడటానికి ఈ జంట సరిపోతుంది. యాంటీబాడీ, రోగనిరోధక కణాల సంబంధం తేల్చడానికి సరిపోదు. అక్కడ కనిపించిన యాంటీబాడీ కణితి ప్రత్యేక యాంటిజెన్‌పై (యాంటీబాడీ గుర్తుపట్టే అణువుపై) వచ్చిందో, పరాయి ఎలుక ప్రోటీన్‌పై వచ్చిందో విడదీయలేరు. పైగా అవుట్‌బ్రెడ్ ఎలుకల మధ్య టి కణాలు మార్పిడి చేస్తే, ఆ కణాలే తిరస్కరణకు గురవుతాయి. గైడ్ ఇదే వాడమన్నా, ఇన్‌బ్రెడ్ జంట కోసం గట్టిగా అడగండి. ఈ ఒక్క పట్టుదల తర్వాతి రెండేళ్ల పనిని కాపాడుతుంది.

సింజెనిక్ జంటలోనూ నిరోధం వస్తుంది. మిథైల్‌కొలాంత్రీన్ రసాయనంతో పుట్టించిన సార్కోమాలను అదే స్ట్రెయిన్ ఎలుకలు గుర్తుపట్టి తిరస్కరించగలవని 1957లో ప్రెన్, మెయిన్ చూపించారు. అదే ఎలుక చర్మాన్ని అవి తిరస్కరించలేదు. అంటే కణితికి సొంత యాంటిజెన్‌లు ఉన్నాయి. మీ ప్రశ్న మనిషి క్యాన్సర్‌కు దగ్గరగా ఉండాలంటే సింజెనిక్ జంట తీసుకోండి. యాంటీబాడీ ఎలా పని చేస్తుందో స్పష్టంగా, బలంగా కనిపించాలంటే అల్లోజెనిక్ జంట తీసుకోండి.

అనుమతుల మాట కూడా ఇప్పుడే. మీ సంస్థ జంతు నైతిక కమిటీకి ఫారం బి పెట్టి, ఆమోదం వచ్చాకే ఎలుక తెప్పించాలి. కణితి ఎంత పరిమాణం దాటితే ఎలుకకు బాధలేని మరణం ఇస్తారో అందులో ముందే రాయాలి.

2. కణితి కణం పైన ఏముందో చూడండి

గోరర్, కాలిస్ ఫలితాల తేడాకు పెద్ద కారణం ఇక్కడే ఉంది. ల్యుకేమియా, లింఫోమా కణాల ఉపరితలం మీద హెచ్-2 అణువులు సాధారణంగా దట్టంగా ఉంటాయి. యాంటీబాడీలు పక్కపక్కనే కూర్చుంటాయి కాబట్టి కాంప్లిమెంట్ సులువుగా అంటుకుంటుంది, కణం పగులుతుంది. చాలా సార్కోమా, కార్సినోమా కణాల మీద అవి పలచగా ఉంటాయి. యాంటీబాడీ అతుక్కుంటుంది కానీ కాంప్లిమెంట్ మొదలవడానికి కావలసినంత గుంపు కట్టదు. దానికి తోడు సీడీ55, సీడీ59, ఎలుకల్లో అయితే సీఆర్‌ఆర్‌వై వంటి రక్షణ ప్రోటీన్లు కాంప్లిమెంట్‌ను మధ్యలోనే తెంచేస్తాయి.

అందుకని కణితిని ఎక్కించే ముందే ఫ్లో సైటోమెట్రీలో (రంగు కట్టిన కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో చదివే పద్ధతి) మూడు చూడండి: ఎంహెచ్‌సీ క్లాస్ 1 (ఎలుకలో దీని పేరే హెచ్-2) ఎంత ఉంది, కాంప్లిమెంట్‌ను ఆపే ప్రోటీన్లు ఉన్నాయా, కణితి కణానికే ఎఫ్‌సీ రిసెప్టర్ (యాంటీబాడీ తోకను, అంటే ఎఫ్‌సీని, పట్టుకునే కొక్కెం) ఉందా. బి16 కణాల మీద ఎంహెచ్‌సీ 1 మామూలుగా చాలా తక్కువ, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రోగనిరోధక సంకేతం ఇస్తే పెరుగుతుంది. ఎంహెచ్‌సీ 1 లేని కణితిని సీడీ8 టి కణం (చంపే రకం టి కణం) గుర్తుపట్టలేదు. కానీ అలాంటి కణమే ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణానికి సులువైన లక్ష్యం. 1986లో కారె బృందం లింఫోమా కణాలతో ఇది చూపించింది. కాబట్టి ఈ ఒక్క కొలత చాలు, తర్వాత ఏ కణాన్ని అనుమానించాలో తెలుస్తుంది.

3. క్యాలెండర్ గీయండి, సీరం దాచండి

అల్లోజెనిక్ కణితి నాటిన రోజును సున్నా అనుకుంటే, మొదటి వారంలో ఐజీఎం (ముందుగా వచ్చే యాంటీబాడీ రకం) కనిపించడం మొదలవుతుంది. టి కణాల దాడి రెండో వారంలో బలపడుతుంది. ఐజీజీ (తర్వాత వచ్చే ప్రధాన యాంటీబాడీ రకం) కూడా దాదాపు అప్పుడే పైకి లేస్తుంది. రెండూ ఒకే వారంలో పెరుగుతాయి కాబట్టే ఇది పెరిగింది, అది తగ్గింది అనే వాదన నిలబడదు. ఇది కాక, ఏ టీకా వేయకముందే ఎలుక రక్తంలో సహజ యాంటీబాడీలు కొన్ని ఉంటాయి. అందుకే సున్నా రోజు సీరం తప్పనిసరి. దాని తర్వాత 7, 14, 21 రోజుల్లో తీయండి.

తీసిన సీరాన్ని చిన్న చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80లో పెట్టండి. ఒకే గొట్టాన్ని పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే యాంటీబాడీ పాడవుతుంది. మే నెలలో తిరుపతి ఎండ, మధ్యాహ్నం కరెంటు పోవడం రెండూ కలిస్తే ఫ్రీజర్ లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఫ్రీజర్‌లో ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం పెట్టించండి, జనరేటర్ లైనులో ఉందో లేదో ముందే కనుక్కోండి. చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చే రియేజెంట్ పార్సిల్‌లో డ్రై ఐస్ మిగిలి ఉందో లేదో తెరిచిన నిమిషంలోనే చూసి రాసుకోండి.

సీరంలోని సొంత కాంప్లిమెంట్‌ను చంపడానికి 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచుతాం. అలా వేడి చేసినప్పుడు కొంత ఐజీజీ ముద్దకడుతుంది. ఆ ముద్దలు ఏ యాంటిజెన్ లేకుండానే ఎఫ్‌సీ రిసెప్టర్‌కు అంటుకుని దొంగ ఫలితం ఇస్తాయి. వేడి చేశాక సెంట్రిఫ్యూజ్‌లో గట్టిగా తిప్పి పై ద్రవం మాత్రమే వాడండి. ప్రోటోకాల్ కాగితాల్లో ఈ ముక్క తరచుగా ఉండదు, ఉండాల్సింది.

4. యాంటీబాడీ నిజంగా కణితికి అంటుకుంటోందా?

ఎలైజా అనే కొలత పరీక్షలో మొత్తం ఐజీజీ పెరిగిందంటే ఎలుకలో ఏదో కదలిక వచ్చిందని మాత్రమే అర్థం. కావలసింది కణితికి అంటుకునే ఐజీజీ. బతికున్న కణితి కణాలు తీసుకుని, సీరాన్ని 20 రెట్లు, 50 రెట్లు, 100 రెట్లు పలచన చేసి, ఐస్ మీద 30 నిమిషాలు కలిపి ఉంచండి. రెండు సార్లు కడిగి, మెరిసే రంగు కట్టిన యాంటీ-మౌస్ ఐజీజీ ఒక గొట్టంలో, యాంటీ-మౌస్ ఐజీఎం వేరే గొట్టంలో వేసి ఫ్లో సైటోమీటర్‌లో చదవండి.

ఇందులో పొరపాటు దూరే చోట్లు తెలుసుకోండి. చనిపోయిన కణాలు ఏ యాంటీబాడీనైనా పీల్చుకుంటాయి, కాబట్టి చనిపోయిన వాటిని వేరుచేసే డై తప్పనిసరి. కణితికి ఎఫ్‌సీ రిసెప్టర్ ఉంటే ఐజీజీ తోకవైపు నుంచి అంటుకుంటుంది. దాన్ని ఆపడానికి ఎఫ్‌సీ రిసెప్టర్‌ను మూసే 2.4జి2 క్లోన్ యాంటీబాడీ వేస్తారు. అది రాట్ యాంటీబాడీ కాబట్టి, మీ సెకండరీ యాంటీబాడీ (మెరిసే రంగు కట్టినది) రాట్ ఐజీజీని గుర్తుపట్టని రకం అయి ఉండాలి. లేదంటే మీరు వేసిన బ్లాకే మెరిసి సంబరపెడుతుంది.

కంట్రోళ్లలో సున్నా రోజు సీరం, ఏ కణితీ లేని ఎలుక సీరం ఉండాలి. వాటికంటే ముఖ్యమైనది అబ్సార్బ్ చేసిన సీరం. కణితి పుట్టిన స్ట్రెయిన్ ఎలుక ప్లీహ కణాలతో మీ సీరాన్ని బాగా కలిపి, కణాలను తీసేసి, మిగిలిన సీరాన్ని మళ్లీ కణితిపై పరీక్షించండి. అంటుకోవడం పూర్తిగా పోతే అది హెచ్-2 వంటి స్ట్రెయిన్ యాంటిజెన్‌లపై వచ్చిన యాంటీబాడీ. కొంత మిగిలితే కణితికే ప్రత్యేకమైనది ఏదో ఉంది. ఈ ఒక్క కంట్రోల్ లేకపోవడం వల్ల కణితి ప్రత్యేక యాంటీబాడీ అని రాసిన ఎన్నో ఫలితాలు వీగిపోతాయి.

5. ప్లేట్‌లో చంపి చూడండి: కాంప్లిమెంట్ ఒకవైపు, కణాలు ఒకవైపు

కాంప్లిమెంట్ పరీక్షలో ఎలుక కాంప్లిమెంట్ బలహీనం కాబట్టి కుందేలు పిల్లల సీరాన్ని వాడతారు. నాలుగు గొట్టాలు ఉండాలి: సీరం ఒక్కటే, కాంప్లిమెంట్ ఒక్కటే, రెండూ కలిపి, సీరంతో పాటు వేడి చేసి చంపిన కాంప్లిమెంట్. మూడో గొట్టంలో మాత్రమే కణాలు చస్తే అది కాంప్లిమెంట్ పని. రెండో గొట్టంలోనే చస్తుంటే ఆ కుందేలు సీరం బ్యాచ్ పనికిరాదు, మార్చండి. చంపింది ఐజీఎమ్మా, ఐజీజీయా తెలియాలంటే డైథయోత్రైటాల్‌తో ఐజీఎంను విడగొట్టి మళ్లీ చేయండి.

కణాల ద్వారా చంపడాన్ని ఏడీసీసీ అంటారు. యాంటీబాడీ ఫ్యాబ్ చేతులతో కణితిని పట్టుకుంటుంది, ఎఫ్‌సీ తోకను ఎన్‌కే కణమో, మాక్రోఫేజో పట్టుకుంటుంది. ప్లీహం నుంచి తీసిన ఎన్‌కే కణాలను కణితి కణాలకు 50కి 1, 25కి 1, 12కి 1 నిష్పత్తుల్లో కలిపి 4 గంటలు ఉంచండి. మాక్రోఫేజ్‌లకు 4 గంటలు చాలవు, 24 నుంచి 48 గంటలు ఇవ్వాలి. 4 గంటల పరీక్షలో ఏమీ రాలేదని మాక్రోఫేజ్‌ను పక్కనపెట్టడం అన్యాయం. ఎలుక శరీరంలో, సీడీ20 అనే ప్రోటీన్‌పై యాంటీబాడీ ఇచ్చినప్పుడు, ఆ ప్రోటీన్ ఉన్న బి కణాలను (యాంటీబాడీ తయారుచేసే వర్గం) తొలగించే పనిలో మోనోసైట్, మాక్రోఫేజ్ వర్గానిదే పెద్ద పాత్ర అని తేలింది కూడా.

చచ్చిన కణాల నుంచి బయటికి కారిన గుర్తు పదార్థాన్ని కొలిచి, లెక్క ఇలా వేయండి: ప్రయోగంలో విడుదలైనది నుంచి దానంతటదే విడుదలైనది తీసేసి, దాన్ని గరిష్ఠ విడుదలలోంచి దానంతటదే విడుదలైనది తీసేసిన సంఖ్యతో భాగించి, 100తో గుణించాలి. దానంతటదే విడుదలైనది గరిష్ఠంలో నాలుగో వంతు దాటితే ఆ రోజు ప్లేట్ లెక్కలోకి తీసుకోకండి. ఎల్‌డీహెచ్ (చచ్చిన కణం నుంచి కారే ఎంజైమ్) కిట్ వాడేవాళ్లు ఎన్‌కే కణాల నుంచి కారిన ఎల్‌డీహెచ్‌ను కూడా విడిగా తీసేయాలి.

తోక లేని యాంటీబాడీ, అంటే ఎఫ్(ఏబీ)2 ముక్క, ఈ మెట్టులో మీ అసలు ఆయుధం. పెప్సిన్‌తో ఎఫ్‌సీ తోకను కోసేస్తే అది కణితికి మునుపటిలాగే అంటుకుంటుంది, కానీ ఏ కణమూ దాన్ని పట్టుకోలేదు. మామూలు ఐజీజీతో కణితి చచ్చి, ఎఫ్(ఏబీ)2తో చావకపోతే పని ఎఫ్‌సీదే. రెంటితోనూ చస్తే యాంటీబాడీ ఏదో సిగ్నల్‌ను నేరుగా ఆపుతోంది. ఎలుకలోకి ఎక్కించేటప్పుడు మాత్రం ఎఫ్(ఏబీ)2 రక్తంలోంచి త్వరగా వెళ్లిపోతుంది. మామూలు ఐజీజీ దాదాపు వారం సగం-ఆయువుతో నిలుస్తుంది కాబట్టి పోలిక సమంగా ఉండదు. స్థోమత ఉన్న ల్యాబ్ అయితే ఎఫ్‌సీ రిసెప్టర్‌కు అంటకుండా ఒక అమైనో ఆమ్లం మార్చిన పూర్తి యాంటీబాడీ వాడటం మేలు.

6. ఏ ఉపరకం ఐజీజీ?

మొత్తం ఐజీజీ అని ఒక్క బార్ గీసి వదిలేయకండి. ఎలుక కణాల మీద ఎఫ్‌సీ రిసెప్టర్లు రెండు పక్షాలు. కొన్ని కణాన్ని పురికొల్పుతాయి, ఎఫ్‌సీ గామా ఆర్ 2బి అనేది ఆపుతుంది. ఒకే మాక్రోఫేజ్ మీద రెండూ ఉంటాయి. 2005లో నిమెర్‌జాన్, రవెచ్ ఈ రెంటి నిష్పత్తిని కొలిచారు. పురికొల్పే రిసెప్టర్ వైపు ఐజీజీ2ఏ అనే ఉపరకం మొగ్గు దాదాపు 70, ఐజీజీ1 మొగ్గు 0.1. అంటే ఒకే యాంటిజెన్‌ను పట్టుకునే రెండు యాంటీబాడీలు, ఒకటి చంపమంటుంది, ఇంకొకటి దాదాపు ఆగమంటుంది. అంతకు ముందు 2000లో రవెచ్ ల్యాబ్ నుంచే క్లైన్స్ తదితరులు ఆపే రిసెప్టర్ లేని ఎలుకల్లో యాంటీబాడీ కణితిని ఇంకా బాగా అణిచిందని చూపించారు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. సి57బిఎల్/6 ఎలుకలు ఐజీజీ2ఏ చేయవు, దాని బదులు ఐజీజీ2సి చేస్తాయి. బాల్బ్/సి కోసం తెచ్చిన ఐజీజీ2ఏ కిట్‌ను సి57 సీరంపై వాడి, ఐజీజీ2 లేదని, ఐజీజీ1 మాత్రమే ఉందని తేల్చేస్తే మొత్తం కథే తలకిందులవుతుంది.

మనుషుల్లోనూ ఇదే తర్కం నడుస్తుంది. అమెరికాలో 1997లో అనుమతి పొందిన రిటక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు ఫలితం, ఎన్‌కే కణాల మీదుండే ఎఫ్‌సీ రిసెప్టర్‌లో ఒక అమైనో ఆమ్లం తేడాను బట్టి మారుతుందని ఫాలిక్యులర్ లింఫోమా రోగుల్లో 2002లో చూశారు. ఇవాళ తిరుపతిలోనే ఆ మందు ఎక్కించుకుంటున్న కుటుంబాలు ఉన్నాయి. ఎలుక ప్లేట్‌లో మనం చూసే తోక గొడవ వాళ్ల వార్డుకు ఇంత దగ్గరగా ఉంది. ఈ పని జాగ్రత్తగా చేయమని పదేపదే చెప్పడానికి నాకున్న కారణం అదే.

7. యాంటీబాడీ నుంచి టి కణానికి వెళ్లే వంతెన

చాలామంది యాంటీబాడీ అధ్యాయాన్ని, టి కణం అధ్యాయాన్ని విడివిడిగా చదువుతారు. కణితి విషయంలో అసలు ముడి రెంటి మధ్య ఉంది. యాంటీబాడీ పూసిన కణితి ముక్కలను డెండ్రిటిక్ కణం ఎఫ్‌సీ రిసెప్టర్ ద్వారా మింగుతుంది. మింగినదాన్ని ముక్కలు చేసి ఎంహెచ్‌సీ 1, ఎంహెచ్‌సీ 2 రెంటి మీదా చూపిస్తుంది. అలా సీడీ8, సీడీ4 (ఇతర కణాలకు సాయపడే రకం) టి కణాలు రెండూ మేలుకుంటాయి.

2015లో కార్మి తదితరులు, స్టాన్‌ఫర్డ్‌లో ఎంగిల్‌మన్ ల్యాబ్ నుంచి, దీన్ని నాటిన కణితుల్లోనే చూపించారు. వేరే స్ట్రెయిన్ ఎలుకలో పెట్టిన కణితి తిరస్కరణకు మొదటి నిప్పు పెట్టింది ఆ ఎలుకలో సహజంగా ఉన్న, కణితికి అంటుకునే ఐజీజీ. ఆ ఐజీజీ వల్ల డెండ్రిటిక్ కణాలు కణితిని మింగి టి కణాలను లేపాయి. సొంత ఎలుకలో పెరుగుతున్న కణితిలోకి అల్లోజెనిక్ ఐజీజీని, డెండ్రిటిక్ కణాన్ని మేల్కొలిపే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, సీడీ40 లిగాండ్ వంటి వాటితో కలిపి ఎక్కిస్తే ఆ కణితి కూడా కరిగింది. యాంటీబాడీ ఒక్కటే ఇస్తే అంత పని జరగలేదు. కణితిలోని డెండ్రిటిక్ కణం సగం నిద్రలో ఉంటుంది, లేపాలి.

మీ ప్రయోగంలో ఈ వంతెన ఉందో లేదో ఇలా చూడండి. యాంటీబాడీ ఇచ్చి, అదే సమయంలో సీడీ8 కణాలను తొలగించండి. రక్షణ పోతే, యాంటీబాడీ టి కణాల ద్వారా పని చేసింది. రక్షణ నిలిస్తే కాంప్లిమెంటో, ఏడీసీసీయో చాలన్నమాట. రెండో పరీక్ష కొంచెం ఓపిక అడుగుతుంది. కణితి కరిగిన ఎలుకలో, ఇచ్చిన యాంటీబాడీ రక్తంలోంచి పోయేదాకా ఆరేడు వారాలు ఆగి, అదే కణితిని రెండో వైపు మళ్లీ నాటండి. అప్పుడూ తిరస్కరిస్తే ఆ ఎలుక సొంత జ్ఞాపకం తయారైంది. సింజెనిక్ జంటలోనే ఇది చేయండి, అల్లోజెనిక్‌లో మళ్లీ తిరస్కరించడంలో వింతేముంది?

8. ఇవ్వండి, తీసేయండి

ఇంత సేపూ పోగుచేసింది అనుమానాలు. రుజువు ఎలుకలోనే రావాలి, దానికి రెండు చేతులు కావాలి. ఒకటి ఇవ్వడం: రోగనిరోధకం వచ్చిన ఎలుక సీరం మాత్రమే ఒక గుంపుకు, టి కణాలు మాత్రమే ఇంకో గుంపుకు, రెండూ మూడో గుంపుకు, మామూలు సీరం, మామూలు కణాలు నాలుగో గుంపుకు. రెండూ కలిపిన గుంపులో వచ్చిన ఫలితం విడివిడి ఫలితాల మొత్తం కంటే ఎక్కువగా ఉంటేనే సహకారం అనాలి. చౌకగా మొదలుపెట్టాలంటే 1961లో విన్ ప్రవేశపెట్టిన పద్ధతి ఉంది: కణితి కణాలను, పరీక్షించాల్సిన లింఫ్ కణాలను గొట్టంలో కలిపి, ఒకే సూదితో చర్మం కింద ఎక్కించి, కణితి మొలుస్తుందో లేదో చూడటమే.

రెండోది తీసేయడం. ఒక్కో రకం కణాన్ని తొలగించే యాంటీబాడీ క్లోన్లు, మందులు ఇవి: సీడీ4కు జీకే1.5, సీడీ8కు 2.43, ఎన్‌కే కణాలకు పీకే136, మాక్రోఫేజ్‌లకు క్లాడ్రోనేట్ లైపోజోములు. ఇక్కడ మూడు గుంటలున్నాయి. పీకే136 పట్టుకునే ఎన్‌కే1.1 గుర్తు సి57లో ఉంటుంది, బాల్బ్/సిలో ఆ క్లోన్ పని చేయదు. బాల్బ్/సిలో యాంటీ-అసియాలో జీఎం1 వాడతారు, కానీ అది ఉత్తేజితమైన కొన్ని టి కణాలనూ తినేస్తుంది. రెండోది, సీడీ4 కణాన్ని తీసేస్తే యాంటీబాడీ కూడా తగ్గుతుంది, ఎందుకంటే బి కణం ఐజీజీకి మారడానికి సీడీ4 సాయం కావాలి. సీడీ4 తీసేస్తే రక్షణ పోయిందన్న ఫలితం ఒక్కదానితో ఏమీ చెప్పలేరు. సీడీ4 తీసేసి, బయటి నుంచి సీరం ఇచ్చిన గుంపు కూడా ఉండాలి. మూడోది, బి కణాలు లేని మ్యూ-ఎంటీ ఎలుకను యాంటీబాడీ లేని ఎలుక అనుకోవడం. అందులో బి కణమే లేదు. బి కణం యాంటీబాడీతో సంబంధం లేకుండా టి కణాలను నీరసపరచగలదని బ్లాంకెన్‌స్టైన్ బృందం 1998లో చూపించింది. కాబట్టి మ్యూ-ఎంటీలో కణితి తగ్గితే, దానికి సీరం తిరిగి ఇచ్చి చూడందే ఏ మాటా అనకండి.

కణితి కొలత: పొడవును వెడల్పు వర్గంతో గుణించి రెండుతో భాగించండి. కొలిచే వ్యక్తికి ఏది ఏ గుంపో తెలియకూడదు. తొలగింపు నిజంగా జరిగిందని ప్రతి గుంపులో రెండు మూడు ఎలుకల రక్తంలో చూసి తీరాలి.

9. కణితి పెరిగితే

సీరం ఇచ్చాక కణితి ఇంకా పెరిగిందని టెన్షన్ పడి ఆ గుంపును రిపోర్టులోంచి తీసేయకండి. అదే మీ దగ్గరున్న అత్యంత విలువైన గుంపు కావచ్చు. మూడు దారులు వెతకండి. యాంటీబాడీ యాంటిజెన్‌ను కప్పేసి, టి కణం మొదటిసారి గుర్తుపట్టకుండా చేసిందా? అలాగైతే సీరాన్ని కణితికి ముందు కాకుండా వారం తర్వాత ఇస్తే ఆ ప్రభావం తగ్గాలి. ఐజీజీ1 ఎక్కువై ఆపే రిసెప్టర్‌ను నొక్కిందా? ఉపరకాలను కొలవండి. కణితి తన యాంటిజెన్‌నే మింగేసిందా? 1960లలో ఓల్డ్, బోయిస్ బృందం టీఎల్ అనే ల్యుకేమియా యాంటిజెన్‌తో ఇదే చూసింది. యాంటీబాడీ తగిలిన ల్యుకేమియా కణాలు ఆ యాంటిజెన్‌ను ఉపరితలం నుంచి మాయం చేసి బతికిపోయాయి, యాంటీబాడీ పోయాక మళ్లీ తెచ్చుకున్నాయి. పెరిగిన కణితిని తీసి, రెండో మెట్టులోని ఫ్లో పరీక్షను మళ్లీ చేస్తే తెలిసిపోతుంది.

ఈ మొత్తం నాటకం ల్యాబ్ బయట కూడా జరుగుతుంది. మన వీధికుక్కల జననాంగాల మీద వచ్చే ట్రాన్స్‌మిసిబుల్ వెనీరియల్ ట్యూమర్ నిజంగా నాటిన కణితే, సంపర్కంలో కణాలే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు దిగుతాయి. కుక్కకు 78 క్రోమోజోములైతే ఈ కణితికి 60 చుట్టుపక్కల ఉంటాయి. నమోదైన మొదటి కణితి మార్పిడి ప్రయోగం కూడా దీనితోనే, 1876లో రష్యన్ పశువైద్యుడు నొవిన్స్కీ చేసినది. పెరిగే దశలో ఈ కణితి ఎంహెచ్‌సీని దాదాపు దాచేస్తుంది, టీజీఎఫ్ బీటా వదిలి చుట్టూ ఉన్న ఎన్‌కే, టి కణాలను అణుస్తుంది. ప్రయోగంగా నాటిన కుక్కల్లో కొన్ని నెలలకు లోపలికి చేరిన లింఫోసైట్లు పైచేయి సాధించి, ఎంహెచ్‌సీ తిరిగి పైకి వచ్చి, కణితి కరుగుతుంది. కోలుకున్న కుక్క సీరంలో యాంటీబాడీలు ఉంటాయి, మళ్లీ అంటుకోవడం కష్టం. వైద్యానికి వస్తే వారానికోసారి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఇస్తే చాలా కుక్కలు బాగవుతాయి, కాబట్టి పరిశోధన పేరుతో వీధికుక్క వైద్యం ఆపకూడదు. కానీ వైద్యానికి ముందు తీసిన చిన్న బయాప్సీ, కొద్దిగా సీరం, అనుమతితో అయితే, వెటర్నరీ పీజీ విద్యార్థికి పై తొమ్మిది మెట్లలో సగం నేర్పగలవు.

10. రిపోర్టులో ఏం రాయవచ్చు

ఫ్లోలో అంటుకోవడం మాత్రమే చూసి ఉంటే, "కణితికి అంటుకునే ఐజీజీ 14వ రోజుకు పెరిగింది" అని రాయండి, అక్కడే ఆగండి. ప్లేట్‌లో చంపి, ఎఫ్(ఏబీ)2తో చంపలేకపోతే, "ఎఫ్‌సీ తోక ద్వారా ఈ కణాలు కణితిని చంపగలవు" అనొచ్చు. "చంపాయి" అనకూడదు, ఎలుకలో మీరింకా చూడలేదు. సీరం మార్పిడి రక్షణ ఇచ్చి, ఎన్‌కే కణాలు తీసేస్తే అది పోతే, "ఈ జంటలో, ఈ మోతాదులో, యాంటీబాడీ రక్షణకు ఎన్‌కే కణాలు అవసరం" అని రాయొచ్చు. సీడీ8 తీసేస్తే పోయి, రెండోసారి నాటినా ఎలుక తిరస్కరిస్తే, "యాంటీబాడీ టి కణ జ్ఞాపకాన్ని మొదలుపెట్టింది" అనే మాటకు దగ్గరగా వచ్చారు. దాన్ని పూర్తి చేయడానికి ఆ ఎలుక టి కణాలను కొత్త ఎలుకకు ఇచ్చి, కణితి నాటి చూడాలి. ప్రతి వాక్యంలోనూ కణితి పేరు, ఎలుక స్ట్రెయిన్, యాంటీబాడీ ఉపరకం, ఇచ్చిన రోజు ఉండాలి. ఆ నాలుగూ పట్టించుకోకుండా పక్కపక్కన చదివితే కాలిస్, గోరర్ ఫలితాలు ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టే అనిపిస్తాయి.